ఏడు నుంచి తొమ్మిదీ నలభై దాకా

వీరేందర్‌కు నోరు ఆగదు, కాలు నిలవదు అని వాళ్ళ నాయన కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఇల్లెందు దగ్గర బొగ్గుబావిలో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఆయాసం పట్టి ఇంట్లో కూర్చున్న మనిషి ఆయన. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఖమ్మంలో ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఒక లెక్చరర్ బోర్డు మీద తప్పు రాశాడు. వెనక బెంచీలో ఉన్న వీరేందర్ లేచి, "మీరు కూసోండి సార్, నేను చెప్త" అన్నాడు. ల్యాబు మార్కులు ఎట్లా పడాలో అట్లా పడ్డాయి. మూడో ఏడాది మొదలయ్యే వేళకు, సర్టిఫికెట్లు కూడా అడగకుండా బస్సెక్కి వచ్చేశాడు. వైరాలో సెల్‌ఫోన్ల దుకాణంలో ఆరు నెలలు, సత్తుపల్లిలో కేబుల్ టీవీ పనిలో ఏడాది. ఆ తర్వాత భద్రాచలం రోడ్డు మీద, అడవి అంచున ఉన్న బొగ్గు యార్డులో చేరాడు. ఇక్కడ మాత్రం మూడేళ్ళు నిలబడ్డాడు. కారణం ఒకటే. ఇక్కడ అతను తన చేతులతో కట్టిన వస్తువు ఒకటి ఉంది.

యార్డు ఒక కాంట్రాక్టరుది. బావుల నుంచి టిప్పర్లలో వచ్చిన బొగ్గును కుప్పలు పోసి, మళ్ళీ లారీల్లోకి ఎత్తి, పైన టార్పాలిన్ పట్టాలు కప్పి పంపుతారు. దొంగల బెడద ఎక్కువైందని కెమెరాలు పెట్టాలనుకున్నప్పుడు హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చి, నెట్ మీద నడిచే వాటి గురించి గొప్పగా చెప్పారు. "వానొస్తే ఇక్కడ ఫోనే పలకదు. మీ కెమెరాలు ఏం పలుకుతయి?" అని వీరేందర్ వాళ్ళ ముందే అన్నాడు. మూల పడేసిన పాత కంప్యూటరును తుడిచి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఎక్కించి, పదహారు కెమెరాలనూ దానికే కలిపాడు.

ఆ సాఫ్ట్‌వేరు కంటైనర్లలో నడుస్తుంది. సద్ది గిన్నెల్లాంటివి అవి. ఒక్కో ప్రోగ్రాము తనకు కావలసినదంతా తన గిన్నెలోనే పెట్టుకుని వస్తుంది, పక్క గిన్నెను ముట్టదు. ఒక గిన్నె రికార్డు చేస్తుంది. ఇంకొకటి లాగిన్ చూస్తుంది. పేరూ పాస్‌వర్డూ సరిపోతేనే లోపలికి వదులుతుంది. రికార్డయినదంతా పక్కనున్న పెద్ద డిస్కులోకి పోయి నలభై రోజులు ఉంటుంది.

లాగిన్ పేరు అందరికీ ఒకటే. మేనేజరుకూ అదే, గేటు గుమాస్తాకూ అదే, కాటా దగ్గర కూర్చునే మనిషికీ అదే. పాస్‌వర్డు కెమెరా గది తలుపు వెనక సుద్దముక్కతో రాసి ఉండేది. మనిషికొకటి పెడతానని వీరేందర్ అడిగితే మేనేజరు అనిల్‌కుమార్ నవ్వాడు. ఎర్రుపాలెం వైపు మాగాణి ఉన్న కుటుంబం అతనిది. గొంతు పెంచకుండా పని చేయించుకోవడం ఇంట్లోనే నేర్చుకుని వచ్చాడు. "ఎందుకయ్యా ఇన్ని పేర్లు, గుర్తుండి చావవు. ఒకటి చాల్లే" అన్నాడు.

యార్డులో పాసులదీ అదే తీరు. మూడు రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తారు. అందుకని ఒంట్లో బాగాలేనివాడు తన పాసునూ, నంబరు వేసిన టోపీనీ ఇంకొకడికి ఇచ్చి బదిలీకి, అంటే తన బదులు పనికి, పంపుతాడు. గేటు దగ్గర టోపీ మీద నంబరు చూస్తారు గాని, కింద ముఖం ఎవరిదో చూడరు. ఇది యార్డులో అందరికీ తెలుసు. తెలియనిది రిజిస్టరుకొక్కదానికే.

గోపయ్య అట్లా బదిలీ మీద బతికే మనిషి. లారీల మీద పట్టాలు కట్టడంలో అంత చేయి తిరిగినవాడు లేడు. వయసు మీరిందని కిందటేడు పేరు తీసేశారు. అప్పటినుంచి ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ టోపీ పెట్టుకుని వచ్చేవాడు. ఆ వారం పట్టాలు కట్టే బిచ్యాకు పచ్చకామెర్లు. బిచ్యా టోపీ నంబరు నలభై ఒకటి.

శ్రావణమాసం, శుక్రవారం. తెల్లవారుజామున నాలుగింటికి గాలివానకు కరెంటు పోయి, వెంటనే వచ్చింది. పొద్దున వీరేందర్ కేబుల్ కోసం కొత్తగూడెం వెళ్ళాడు. పదిన్నరకు ఫోను వచ్చింది. తొమ్మిదీ యాభై రెండుకు, వెనక్కి వస్తున్న టిప్పరు కింద గోపయ్య పడ్డాడు. అక్కడికక్కడే పోయాడు.

వీరేందర్ యార్డుకు చేరేసరికి పన్నెండు. శవాన్ని అప్పటికే దవాఖానాకు తీసుకుపోయారు. పని ఆపేశారు. గేటు పక్కన, వానకు సగం తడుస్తూ గోపయ్య భార్య సారక్క కూర్చుని ఉంది. ఏడవడం లేదు. వీరేందర్‌ను చూసి లేచింది.

"దొంగ అన్నరు బిడ్డా. కంచెల నుంచి దూరి బొగ్గుకొచ్చి సచ్చిండట. రిజిస్టర్ల పేరు లేదట."

"ఎవరన్నరు?"

"మీ పెద్ద సారు. నలుగుర్ల అన్నడు. ఇగ ఊరంత గదే మాట." ఆమె కొంగు పిండుకుంది. "నీ కెమెరాలల్ల ఉంటడు గదా. పొద్దుగాల్ల కెల్లి పని జేసింది."

"ఎందుకుండడు పెద్దమ్మా. ఏడు గొట్టంగ గేట్లకొచ్చిన కాడికెల్లి ఉంటడు. నాలుగింటికి ఎస్సై వస్తడట, ఆయన ముందట్నే పెడ్త. నువ్వు లోపలికొచ్చి కూసో."

ఆమె లోపలికి రాలేదు. కెమెరా గది బయట మెట్టు మీద కూర్చుంది.

వీరేందర్ కుర్చీలో కూర్చుని పేరు కొట్టాడు, పాస్‌వర్డు కొట్టాడు. చక్రం తిరిగింది. మళ్ళీ అదే పేజీ వచ్చింది. తప్పు అని కూడా అనలేదు. తలుపు తీసి లోపలికి రమ్మని, మళ్ళీ గుమ్మం బయటే నిలబెట్టినట్టుంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

అప్పుడతనికి తట్టిన మొదటి ఆలోచన: ఎవడో పాస్‌వర్డు మార్చాడు. ఎవడు మార్చి ఉంటాడో తట్టడానికి ఇంకో నిమిషం కూడా పట్టలేదు.

అనిల్‌కుమార్ పక్క గదిలో ఫోను మాట్లాడి వచ్చి, అతని వెనక నిలబడ్డాడు.

"ఏమైందయ్యా?"

"మీకే తెల్వాలె సార్."

"నాకేం తెలుసు?"

"పొద్దుగాల్ల మనిషి సచ్చిండు. గిప్పుడు లాగిన్ బందయింది. ఎవరు మార్చిండ్రు?"

"వీరేందర్, నోరు అదుపులో పెట్టుకో. నాకు దాన్ని తెరవడమే సరిగ్గా రాదు, మార్చడం కూడానా."

"మీకు రాకుంటే ఖమ్మం కెల్లి ఎవర్నన్న పిలిపిచ్చి ఉంటరు."

"పొద్దున్నుంచి ఒక్కడు రాలేదయ్యా ఇక్కడికి, అంబులెన్సు తప్ప."

వీరేందర్ వినలేదు. ఆజ్ఞలు కొట్టే నల్ల తెర తెరిచి, పాస్‌వర్డును కొత్తగా పెట్టే ఆజ్ఞ ఇచ్చాడు. నాలుగు వరుసలు గబగబా పైకి పోయాయి. చదవలేదు. మళ్ళీ లాగిన్ పేజీకి వచ్చి కొత్త పాస్‌వర్డు కొట్టాడు. చక్రం తిరిగి తిరిగి గుమ్మం బయటే వదిలింది. ఇంకొకటి పెట్టాడు. లాగిన్ గిన్నెను ఆపి మళ్ళీ లేపాడు. ఎవరెవరు ఎప్పుడు లోపలికి వెళ్ళారో ఉండే పాత జాబితాను వెతికాడు. ప్రతి వరుసలోనూ ఒకటే పేరు. మేనేజరు వెళ్ళినా అదే, గుమాస్తా వెళ్ళినా అదే, తాను వెళ్ళినా అదే. గుమాస్తాను పిలిచి గద్దించాడు. కాటా మనిషిని పిలిచి గద్దించాడు. వాళ్ళు ఒట్లు పెట్టుకున్నారు. ఒకటిన్నరకు అనిల్‌కుమార్‌ను అతని సెల్‌ఫోను ఇమ్మని అడిగాడు, అందులో ఎవరెవరికి ఫోను చేశాడో చూస్తానని. అనిల్‌కుమార్ ఇచ్చాడు కూడా. అందులో ఉన్నవి ఓనరుకూ, అంబులెన్సుకూ, స్టేషనుకూ, ఇంట్లో భార్యకూ చేసిన ఫోన్లే.

"చూశావా? ఇప్పుడన్నా నమ్ముతావా?"

"ఫోన్ల లేకుంటే ఏమైతది. మీరు గట్టోళ్ళు సార్."

కోపం మీద ఉన్నవాడికి మనుషులు కనిపిస్తారు గాని అక్షరాలు కనిపించవు. రెండూ నలభైకి, ఏడోసారో ఎనిమిదోసారో ఆ నాలుగు వరుసలు తెర మీద పరిగెత్తినప్పుడు, వెనక నుంచి అనిల్‌కుమార్ వేలు చాపాడు.

"ఆ ఎర్రగా వస్తున్నదేంటయ్యా? ప్రతిసారీ వస్తోంది అది."

వీరేందర్ ఆగి చదివాడు. చోటు లేదు అని ఉంది. పాస్‌వర్డు తప్పనీ లేదు, మారిందనీ లేదు. రాయడానికి డిస్కులో చోటు లేదు, అంతే.

డిస్కులు చూశాడు. కంప్యూటరులోపలి చిన్న డిస్కు నూటికి నూరూ నిండి ఉంది. పక్కనున్న పెద్ద డిస్కు జాబితాలోనే లేదు.

అప్పుడర్థమైంది. నాలుగింటికి కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటరు ముందు లేచింది. పెద్ద డిస్కు లేవలేదు. రికార్డు చేసే గిన్నె ఎవరినీ అడగలేదు. పెద్ద డిస్కుకు దారిగా ఉండాల్సిన ఫోల్డరులోనే, అంటే చిన్న డిస్కు మీదనే, పదహారు కెమెరాల బొమ్మలూ పోస్తూ పోయింది. అందులో పట్టేది అయిదు గంటలు. తొమ్మిదికి నిండిపోయింది. మనిషి లోపలికి వచ్చినప్పుడల్లా లాగిన్ గిన్నె తన పుస్తకంలో చిన్న గీత గీసుకోవాలి. ఆ గీతకు చోటు లేక ప్రతి ఒక్కరినీ బయటకు తోసేస్తోంది.

అంతవరకే అయితే ఏమీ అయ్యేది కాదు. చోటు నిండితే పాతది చెరిపి కొత్తది రాయి అని ఒక నియమం ఉంది. అది పెట్టింది వీరేందరే. తొమ్మిది నుంచి యంత్రం ఆ పనే చేస్తోంది. ఒక నిమిషం కొత్తది రాస్తోంది, ఒక నిమిషం పాతది మింగుతోంది.

రికార్డింగును అక్కడికక్కడే ఆపేశాడు. మిగిలిన వాటిలో అన్నిటికంటే పాతది ఏ గంటదో చూశాడు. తొమ్మిదీ నలభై.

వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. పన్నెండింటికి తాను ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు అన్నిటికంటే పాతది ఏడు గంటలది. గోపయ్య గేటు దాటి లోపలికి వచ్చిన ఏడు. అప్పుడే ఆపి ఉంటే పొద్దుటి పనంతా చేతిలో ఉండేది. తాను అనిల్‌కుమార్‌తో కొట్లాడిన రెండు గంటల నలభై నిమిషాల్లో, గోపయ్య పనిచేసిన రెండు గంటల నలభై నిమిషాలూ పోయాయి. వాటి చోట్లో ఉన్నది పని ఆగిన యార్డు. వాన, బురద, కాటా కింద పడుకున్న కుక్క. పదహారు కెమెరాల నుంచి.

చెరిగిన వాటిని వెనక్కి తెచ్చే దారులు వెతికాడు. చెరిగిన చోటు మీదే కొత్తది రాసేసి ఉంది. దొరకలేదు. పెద్ద డిస్కు లేకపోతే రికార్డు చేసే గిన్నె లేవకూడదు అని ఒక్క వరుస రాస్తే సరిపోయేది. ఏడాది నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నాడు.

"నేను కాదుగా?" అన్నాడు అనిల్‌కుమార్. ఎగతాళి చేస్తున్నట్టు లేదు.

"కాదు సార్."

మిగిలింది పన్నెండు నిమిషాలు. ఆరో నంబరు కెమెరా. ఇద్దరూ చూశారు.

పట్టా కట్టడం అయిపోయిన లారీ ఒకటి గేటువైపు కదిలి పోతోంది. గోపయ్య దాని పక్క నుంచి వచ్చి, ఇటుకల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. తాపీగా తాగాడు. తర్వాత లేచి, దారిలో పడి ఉన్న రెండు బొగ్గు పెళ్ళలు ఏరి, భుజం మీది తువ్వాలులో మూట కట్టాడు. మూటను ఇటుకల చాటున పెట్టడానికి వంగాడు. వెనక నుంచి టిప్పరు వచ్చింది.

అనిల్‌కుమార్ మెల్లగా అన్నాడు. "నేను చెప్పింది ఇదేగా."

"పట్టాలు కట్టేటోళ్ళు అందరు రెండు పెళ్ళలు పట్కపోతరు సార్. మీకు తెల్వదా?"

"నాకు తెలుసు. ఎస్సైకి ఏం చెప్పను? పని చేసింది చూపించు, చూపిస్తా. ఉందా?"

వీరేందర్ తెరను దగ్గరికి లాగి, బొమ్మను పెద్దది చేశాడు. టోపీ వెనక తెల్ల రంగుతో నంబరు. "నలభై ఒకటి. నంబరు టోపీ పెట్టుకొని దొంగతనానికి ఎవడొస్తడు?"

"నలభై ఒకటి బిచ్యాది. బిచ్యాకు ఇవాళ హాజరు పడింది. రిజిస్టరు ప్రకారం బిచ్యా డ్యూటీలో ఉన్నాడు. అప్పుడు ఈ మనిషి టోపీ కూడా దొంగిలించాడని రాస్తారు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బిచ్యా నోటితో అంటే తప్ప ఇది తేలదు వీరేందర్. అంటాడా?"

వీరేందర్ బిచ్యా వాళ్ళ తండాకు ఫోను చేశాడు. బావమరిది అతన్ని బండి మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. బిచ్యా కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, నిలబడటానికి గోడ కావాలి. మెట్టు మీది సారక్కను చూసి తల దించుకుని లోపలికి వచ్చాడు. అప్పటికి ఎస్సై కూడా వచ్చి కూర్చున్నాడు.

"తమ్మీ, నన్నెందుకు పిలిచినవ్?" అని వీరేందర్ చెవిలో అన్నాడు బిచ్యా. "నేను డ్యూటీల లేనంటే నా పేరు పోతది. పాసు వేరేటోనికిచ్చిన్నంటే కేసు. ముగ్గురు పిల్లలు నాకు."

వీరేందర్ ఎప్పుడూ ఎవరినీ బతిమాలి ఎరగడు. ఆ నోటికి బతిమాలడం రాదు. "గోపయ్యన్నను దొంగ అంటుండ్రు. నేను మొత్తం చూపెడ్దునే అన్నా. నా తప్పుకు పోయింది. గిదొక్కటే ఉన్నది" అని, పన్నెండు నిమిషాలూ మొదటి నుంచి పెట్టాడు.

బిచ్యా గోడకానుకుని చూశాడు. గోపయ్య బీడీ తాగుతున్నప్పుడు టోపీ వెనక్కి తోసుకుని నుదురు తుడుచుకున్నాడు. అక్కడ బిచ్యా ముందుకు వంగాడు. టిప్పరు వచ్చేముందు ముఖం తిప్పేసుకున్నాడు.

"ఎవరయ్యా అది?" అన్నాడు ఎస్సై.

బిచ్యా తలుపులోంచి మెట్టు మీది సారక్కను చూశాడు. బయట వాన జోరు ఎక్కువైంది.

"గోపయ్యన్న సార్. టోపీ నాది. నేనే ఇచ్చిన. మూడు దినాలసంది నా బదులు పని చేస్తుండు."

"నువ్వు ఇవాళ హాజరని రిజిస్టరులో ఉందే."

"నేను రాలే. నేను ఇంట్ల పండుకున్న. గా హాజరు ఆయనది."

"మరి బొగ్గు?"

"అందరం పట్కపోతం సార్. నా ఇంట్ల కూడ ఉన్నది, రా, చూపెడ్త."

ఎస్సై అన్నీ రాసుకున్నాడు. ఇంకొకరి పాసు మీద లోపలికి వచ్చి పనిచేస్తూ ఉండగా అని రాశాడు. దగ్గర రెండు బొగ్గు పెళ్ళలు ఉండగా అని కూడా రాశాడు. బిచ్యా వేలిముద్ర వేశాడు. ఎస్సై వెళ్ళిన తర్వాత అనిల్‌కుమార్ ఓనరుతో అయిదు నిమిషాలు ఫోనులో మాట్లాడి వచ్చాడు. నలభై ఒకటి పేరు కొట్టేయమన్నారన్నాడు. వీరేందర్‌ను కూడా రేపటి నుంచి రావద్దన్నారన్నాడు. చెబుతూ ఇద్దరి ముఖాలూ చూడలేదు.

వీరేందర్ మెట్టు దగ్గరికి వెళ్ళి సారక్క పక్కన కూర్చున్నాడు.

"పని చేస్తుండె అని రాసిండ్రు పెద్దమ్మా. బిచ్యన్న చెప్పిండు. దొంగ అని లేదు. కని బొగ్గు కూడ రాసిండ్రు."

"ఎంత బొగ్గు?"

"రెండు పెళ్ళలు."

ఆమె వాన వైపు చూసింది. "కట్టెలు తడిసినయి, పొయ్యి అంటుకుంట లేదని నేనే తెమ్మన్న."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వీరేందర్ వైపు తిరిగింది.

"పొద్దుగాల్లది ఏది? పట్టాలు కట్టింది?"

"పోయింది. ఎవ్వరు తియ్యలే. మిషన్ల చోటు లేక చెరిగింది. నేను మధ్యాహ్నమే చూసి ఆపితే ఉంటుండె. నేను ఆడ సార్‌తోని లొల్లి పెట్టుకున్న. నా తప్పే."

"నాకు గవన్ని సమజ్ గావు. ఉన్నదా, లేదా?"

"లేదు."

దవాఖానా దగ్గరి నుంచి ఫోను వచ్చింది, అయిదింటికి శవాన్ని ఇస్తారట. గేటు దగ్గర ఆటో నిలబడి ఉంది. ఆమె లేచింది. మెట్టు దిగలేదు, గదిలోకి నడిచింది.

"ఉన్నది సూపియ్యి."

"పెద్దమ్మా, అది చూడొద్దు."

"సచ్చేది నాకొద్దు. బతికున్నది సూపియ్యి."

వీరేందర్ కుర్చీని ఆమెకు జరిపి, రికార్డింగును తొమ్మిదీ నలభై దగ్గర పెట్టాడు. లారీ కదిలి పోయింది. గోపయ్య వచ్చాడు, ఇటుకల మీద కూర్చున్నాడు. సారక్క తెరకు ఎంత దగ్గరగా వంగిందంటే, ఊపిరికి అద్దం మసకబారింది. కొంగుతో తుడిచింది. గోపయ్య చెవి సందులోంచి బీడీ తీసి, వాన గాలికి అరచేయి అడ్డం పెట్టి ముట్టించాడు.

"బీడీ బంద్ జేసిన్నని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు" అంది ఆమె. "పోయిన దసరాకు."

తెర మీద పొగ పైకి పోతోంది. వీరేందర్ వేలు ఆపే మీట మీద ఉంచి, తెర మూల గడియారం అంకెల వైపు చూస్తూ నిలబడ్డాడు.